ఏనుగుల యాడి

కొత్త ఇంటికి దర్వాజ ఎత్తే రోజు మా మామ ప్రేమ్‌సింగ్ వేపచెక్క దర్వాజతో సరిపెట్టుకోలేదు. దాని మీద రాయి ఎక్కించాలన్నాడు. అది కూడా మామూలు రాయి కాదు, రాళ్లగుడి వెనక గట్టు మీద పడి ఉన్న ఏనుగుల యాడినే ఎక్కించాలన్నాడు.

యాడి అంటే మా లంబాడీ భాషలో అమ్మ. ఇంట్లో మేం మాట్లాడుకునేది ఆ భాషే, మీకోసం తెలుగులో రాస్తున్నాను. ఆ రాయి మనిషి నిలువంత పొడుగుంటుంది. నడుమ తామర మీద కూర్చున్న అమ్మవారు, అటొకటి ఇటొకటి తొండమెత్తి ఆమె మీద నీళ్లు పోస్తున్న ఏనుగులు. పెద్దవంగర దాటి మా తండా బాట పట్టినవాళ్లకు మిరపతోటల మధ్య నల్లగా కనబడేదే రాళ్లగుడి. మా చెలక దాన్ని ఆనుకునే ఉంటుంది. కాకతీయుల కాలంనాటిదని బడి సార్లు అంటారు. మా పెద్దలు వచ్చి ఇక్కడ గుడిసెలు వేసేనాటికే దాని ద్వారం కూలిపోయి, ఆ రాయి గట్టు మీద పడి ఉందట. మా అత్త మంగ్లీ ఏటా శీత్లా పండుగకు దానికి పసుపు రాసేది. తక్కిన ఏడాదంతా దాని మీది నుంచి బర్రెలు నడిచేవి.

"గుడి రాయి మనింటికెందుకు మామా? ఉన్న దిష్టి చాలదా?" అన్నాను. మా అత్త కాలంలో కోడలు మామ ముందు ముఖం మీది కొంగు తీసేది కాదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే తీసేశాను. ముఖానికి కొంగు అడ్డముంటే నాకు మాట సక్కగా రాదు.

"బర్రెలు తొక్కుతున్నయి బిడ్డా. తొక్కిచ్చుకునే కన్న మొక్కిచ్చుకునుడు మంచిది గదా ఆమెకు" అన్నాడు మామ.

తండా మగవాళ్లంతా మోకులు కట్టి రాయిని ట్రాక్టర్ మీద తెచ్చారు. మేస్త్రీ గునుస్తూనే ఎక్కించాడు. అమ్మవారి ముఖం బజారు వైపు ఉండాలని మామ పట్టుబట్టాడు. అత్త పసుపు రాసి బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. నిజం చెప్పొద్దూ, నాకు లోలోపల ఎంత సంబరమైందో. పెళ్లయినప్పటి నుంచి ఒక్క గదిలో చీర అడ్డం కట్టుకుని కాపురం చేసినదాన్ని. ఇప్పుడు తండాలో ఎవరికీ లేని దర్వాజ నాదయింది. స్లాబ్ ఒక్కటి పడితే చాలు, ఆ ఎండాకాలం దాటకముందే పాలు పొంగించుకోవచ్చని అనుకున్నాను.

మిరపకాయలు ఏరే రోజుల్లో గుప్తనిధుల పిచ్చిగాళ్లు వచ్చి గుడి తవ్విపోయారు. పొద్దున్నే తోటకు నీళ్లు పెట్టడానికి పోయిన మామ చూశాడు. దేవుని పీఠం పెకిలించి పక్కన పడేశారు. ఆ కింద నడుము లోతు గుంట, చుట్టూ నిమ్మకాయలు, కుంకుమ, నల్లకోడి ఈకలు. మండపంలో ఒక స్తంభం పక్కకు ఒరిగింది. మామ అక్కడి నుంచే పోలీసులకు ఫోన్ చేశాడు. ఇంటికి వచ్చి పేపరోళ్ల నంబరు ఎవరి దగ్గరుందని అడుగుతుంటే నా పెనిమిటి నరేశ్‌కు చిరాకొచ్చింది. మిర్చి బస్తాలు ట్రాలీలో వేసుకుని కేసముద్రం మార్కెట్‌కు బయలుదేరుతున్నాడు తను.

"మనకెందుకు బాపూ గీ లొల్లి? ఠాణా అంటరు, సాక్ష్యమంటరు. మిర్చి కల్లంలనే ఉన్నది."

"నువ్వు పుట్టిన జాగరా అది" అన్నాడు మామ.

నరేశ్ బస్తాలకు తాడు బిగించి బయలుదేరాడు. నరేశ్ కడుపులో ఉన్నప్పుడు, కలుపు తీస్తుండగా మా అత్తకు నొప్పులొస్తే, వాగు పొంగి తండాకు దారి లేక, ఆ మండపంలోనే కన్నది. వాన తగ్గేదాకా తల్లీబిడ్డలకు ఆ గుడే ఇల్లయింది. అప్పటి నుంచి మామ రోజూ తోటకు పోయేటప్పుడు చెప్పులు విప్పి, లోపలికి పోయి, ఒక నిమిషం కూర్చుని వస్తాడు. ఏం మొక్కుతాడో ఎవరం అడగలేదు.

పేపర్లో పడ్డాక పురావస్తు శాఖ నుంచి హర్షవర్ధన్ అనే సారు వచ్చాడు. చిన్న వయసు, మెత్తని మనిషి. ఇద్దరు మనుషులతో టేపులు పట్టించి కొలతలు తీసుకుంటూ, ప్రతి రాయినీ ఫోటో తీసేవాడు. మధ్యాహ్నం మా మిరప పచ్చడి, జొన్నరొట్టె తిని కళ్లు తుడుచుకునేవాడు. గుడిని విప్పి మళ్లీ నిలబెడతామని చెబితే మామ ముఖం వెలిగిపోయింది. సారు ఎక్కడ కూర్చుంటే అక్కడికి మంచినీళ్లు తీసుకుపోయేవాడు. ఊరి నుంచి కూడా జనం చూడ వచ్చేవారు. వాళ్లలో ముందుండేది ఊరి పటేలు బిక్షపతి. దొంగలు తవ్విపోయేదాకా గుడి వైపు తొంగిచూడని మనిషి, సారు రాగానే గుడి కమిటీ అని ఒకటి పెట్టి దానికి తానే పెద్ద అయ్యాడు.

ఆ రోజు నేను కూడా అక్కడే ఉన్నాను. సారు గర్భగుడి ముందు నిలబడి పైకి చూస్తున్నాడు.

"ఈ ద్వారం మీద ఒక పెద్ద రాయి ఉండాలి. గజలక్ష్మి రాయి. అది దొరికితే పైకప్పు మళ్లీ దాని మీదే ఆనుతుంది. ఎవరో ఎత్తుకుపోయినట్టున్నారు" అన్నాడు.

"ఎవ్వలెత్తుకపోలే సార్" అన్నాడు మామ. "మా ఇంటి మీద ఉన్నది. రాండ్రి, చూపిస్త."

అని ముందు నడిచాడు. ఆయన అంత గబగబా నడవడం నేనెన్నడూ చూడలేదు. వెనక సారు, ఆ వెనక బిక్షపతి, ఊరివాళ్లు. ఇంటి ముందుకు పోగానే మామ తలపాగ తీసి, దాని కొసతో అమ్మవారి మీది దుమ్ము తుడిచాడు.

"చూడుండ్రి సార్, ఒక్క తొండం గూడ పలగలే. గట్టు మీద ఉంటే ఈపాటికి ఆ దొంగలు ముక్కలు చేసేటోళ్లు."

సారు టేపు పెట్టి రాయి పొడుగు కొలిచాడు. తర్వాత మామ దగ్గరికి జరిగి, మెల్లగా, "మంచిగా కాపాడారు. కానీ ఇది ఇంటికి పెట్టుకోకూడదు ప్రేమ్‌సింగ్ గారూ. ఇది గుడిది" అన్నాడు.

"గుడిదే సార్. నేనెప్పుడు కాదన్న?" అన్నాడు మామ, ఇంకా నవ్వుతూనే.

బిక్షపతి ఫోన్ ఎత్తి పట్టుకుని అదంతా వీడియో తీస్తున్నాడు. మా ఇంట్లో అన్నం ఉడికేలోపు ఆ వీడియో తండాలో ఫోన్లన్నిటికీ వచ్చింది. కింద రాసి ఉంది, గుడి దొంగ దొరికిండు అని.

రెండో రోజు మామను ఠాణాకు పిలిచారు. కొట్టలేదు, తిట్టలేదు. తవ్వినోళ్లకూ నీకూ ఏం సంబంధం అని అడగడం, కూర్చోబెట్టడం, మళ్లీ అదే అడగడం. పొద్దుగూకేదాకా అదే. ఫోన్ చేసింది నేనే సార్ అని ఆయన చెప్పాడట. దొంగే ముందు అరుస్తడు అని ఎవరో నవ్వారట. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని అన్నం వద్దన్నాడు.

"మా నాయిననూ గిట్లనే కూసోబెట్టేటోళ్లు" అన్నాడు, అత్తతో. "ఊర్ల కోడి పోయినా మా నాయిననే పిలిచేటోళ్లు. నా దాక రాదనుకున్న."

ఎన్ని తరాలైనా మా మీద దొంగలన్న మాట అట్లాగే ఉంటుంది, ఒక కారణం దొరికితే చాలు పైకి వస్తుంది. ఇది చాలదన్నట్టు మా ప్రియ ఊళ్లో బడి నుంచి వచ్చి సంచి మూలకు విసిరేసింది. మూడో తరగతి పిల్ల. రేపటి నుంచి పోనన్నది. ఎందుకే అంటే చెప్పదు. అన్నం తినేటప్పుడు మామ పక్కనే కూర్చుని, "తాతా, నువ్వు దొంగతనం చేసినవా? అందరు నన్ను దొంగోని మనుమరాలు అంటున్నరు" అని అడిగింది.

మామ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కాసేపటికి దాన్ని మళ్లీ పళ్లెంలో పెట్టి లేచిపోయాడు. సెలవులు ఇచ్చేదాకా ప్రియ బడి మొహం చూడలేదు.

నాకు పిచ్చి కోపం వచ్చింది. కోపం రావడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. నేను ఊళ్లో అందరి ఇళ్లకూ కూలికి పోతాను. కిందటేడు బిక్షపతి ఇంటి వెనక మిర్చి ఆరబోసి, బట్టలుతికే బండ దగ్గర చేతులు కడుక్కుంటుంటే ఉంగరం జారి బండ సందులో పడింది. చెయ్యి పెట్టి తడిమితే బండ కింది వైపు గరుకుగా తగిలింది. వంగి చూస్తే హంసల వరుస, ముక్కుల్లో తీగలు పట్టుకుని. రాళ్లగుడి గోడకు మిగిలిన హంసలూ అవే. ఆ తర్వాత చూడడం మొదలుపెడితే ఏ ఇల్లు చూసినా అదే. ఒకరి నీళ్ల గోలెం కింద, ఒకరి అరుగు మెట్టుకు, ఒకరి పశువుల కొట్టంలో. అందరూ బొమ్మ వైపు కిందికి, నున్నటి వైపు పైకి వేసుకున్నారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం. మా మామ ఒక్కడే అమ్మవారి ముఖం బజారుకు పెట్టాడు కాబట్టి దొంగయ్యాడు.

బోరింగు దగ్గర బిక్షపతి ఎదురైతే బిందె కింద పెట్టాను.

"పటేలా, మీ బట్టలుతికే బండ జర తిరగేసి చూడుండ్రి. కింద హంసలున్నయి" అన్నాను.

"అది మా తాతల నాడు ఏసింది. మాకేం తెలుసు?"

"తెల్వకపోతే మొహం గట్ల ఎందుకైంది? సారు ఇక్కడనే ఉన్నడు గదా. చెప్త."

"చెప్పుకో పో" అన్నాడు. "లంబాడోళ్ల మాట ఎవడింటడు?"

ఆ మాటతోనే ఇంటికి వచ్చాను. వచ్చేసరికి మా ఇంటి ముందు సారు నిలబడి ఉన్నాడు, మామతో మాట్లాడుతున్నాడు. తొందరేమీ లేదంటున్నాడు. వానలు దాటాక జాకీలు తెప్పించి గోడ కదలకుండా రాయి తీయిస్తానని, మీరే మీ చేతులతో ఇచ్చారని కాగితం మీద రాస్తానని చెబుతున్నాడు.

"ఆమె నా ఇంటి మీద ఉన్నంతసేపు నేను దొంగనే సార్" అన్నాడు మామ. "రేపే తీస్త."

"మామా, గోడ పోతది" అన్నాను. "స్లాబ్ ఎట్ల ఏస్తరు? వాన కాలం యాడ ఉంటం?"

"గోడ మల్ల కట్టుకోవచ్చు బిడ్డా" అన్నాడు.

నరేశ్ కాళ్లు నేలకేసి కొట్టుకుంటూ బయటికి పోయాడు. నేను బిక్షపతి బండ సంగతి సారుకు చెప్పాలని నోరు తెరిచాను. మామ నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అలసట ఉంది. అందుకే అప్పటికి ఊరుకున్నాను.

తెల్లారి ఎండ ముదరకముందే తండా మగవాళ్లు మళ్లీ మోకులు తెచ్చారు. అలిగిపోయిన నరేశ్ కూడా వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా తండ్రి పక్కన మోకు పట్టాడు. కింద దుంగలు పోటు పెట్టి, రాయిని కొంచెం కొంచెం జరిపారు. రాయి క్షేమంగా దిగింది. దాని మీది వరసలు మాత్రం నిలవలేదు. ముందు ఇటుకలు రెండు రాలాయి, తర్వాత దర్వాజ కుడి వైపు గోడ గోడంతా కూర్చుండిపోయింది. వేపచెక్క దర్వాజ విరిగి అడ్డం పడింది. దుమ్ము నెమ్మదించాక చూస్తే, నేను పొయ్యి పెట్టుకుందామనుకున్న మూల రోడ్డు మీదికి కనబడుతోంది. నా కండ్లలో నీళ్లు తిరిగాయి, కానీ ఊరివాళ్ల ముందు ఏడవకూడదని పంతం పట్టాను.

ట్రాక్టర్ మీద పడుకోబెట్టిన రాతికి మా అత్త పసుపు రాసింది, కొత్త రవిక గుడ్డ పెట్టింది. నోట్లో ఏదో గొణుగుతూనే అమ్మవారి మెడ దగ్గర చెయ్యి వేసి, ఢావ్లో ఎత్తుకుంది.

ఢావ్లో అంటే మా తండాల్లో పెళ్లయి అత్తగారింటికి పోయే పిల్ల తల్లినీ అక్కచెల్లెండ్లనూ మెడ పట్టుకుని రాగం తీసి ఏడ్చే ఏడుపు. అది పెళ్లికూతురే ఏడవాలి, వేరేవాళ్లు ఏడ్చేది కాదు. రాయి ఏడవలేదు కదా, దాని వంతు మా అత్త ఏడ్చింది. నాకు మీ ఇంట్లో పసుపు రాశారు, నాకు మీ పిల్లలను చూపించారు, నన్ను తలెత్తి నిలబెట్టారు, ఇప్పుడు పొమ్మంటున్నారా అని రాగం తీసింది. ముసలివాళ్లు ఒక్కొక్కరే వచ్చి ట్రాక్టర్ పట్టుకుని గొంతు కలిపారు. నేను పెళ్లినాడు సిగ్గుపడి సరిగ్గా ఏడవలేదని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ఊరివాళ్ల ముందు పట్టిన పంతమంతా పోయి గట్టిగా ఏడ్చాను. ఎవరో ఊరి పిలగాడు ఫోన్ ఎత్తితే సారు వాడి చెయ్యి కిందికి దించాడు.

మామ ట్రాక్టర్ వెనక గుడిదాకా నడిచి పోయి, రాయి దించేదాకా ఉండి వచ్చాడు. ఆ తర్వాత గుడిలో అడుగు పెట్టలేదు. చుట్టూ కంచె వేశారు, గేటుకు తాళం వేసి చెవి కమిటీ పెద్దకిచ్చారు. తెరిచి ఉన్న రోజుల్లో కూడా మామ పోయేవాడు కాదు. తోటకు పోవాలంటే గుడి పక్క నుంచి నాలుగు అంగల్లో పోవచ్చు. ఆయన వాగు గడ్డ మీది నుంచి చుట్టు తిరిగి పోయేవాడు. కూలిన గోడకు నరేశ్ తాటికమ్మలు కట్టాడు. మేం మళ్లీ పాత గదికే చేరాం, మళ్లీ అదే చీర అడ్డం కట్టుకున్నాను. ఇంట్లో ఎవరం ఎవరినీ పెద్దగా పలకరించుకోలేదు. మామ అన్నం తినేవాడు, పని చేసేవాడు, మాట్లాడేవాడు కాదు. ప్రియ ఆయన దగ్గరికి పోతే తల నిమిరి పంపేవాడు.

మిరుగు కార్తె వచ్చింది. మొదటి వాన మంచిగా పడింది. పత్తి గింజలు పెట్టడానికి మామా నేనూ చెలకకు పోయాం. గర్భగుడి ద్వారం అప్పటికే నిలబడింది, దాని మీద ఏనుగుల యాడి ఎక్కింది. ముఖం మా వైపే ఉంది. సారు కంచె దగ్గరికి వచ్చి మమ్మల్ని పిలిచాడు. తాళంచెవి వేలికి తిప్పుకుంటూ బిక్షపతి కూడా అక్కడే ఉన్నాడు.

"ప్రేమ్‌సింగ్ గారూ, మీ రాయి వల్ల ఇంతదాకా వచ్చింది. కింద గుడి చుట్టూ ఉండే అడుగు వరస రాళ్లు మాత్రం సగానికి సగం లేవు. అవి ఊళ్లో ఇళ్లల్లోనే ఉన్నాయని నాకు అనుమానం. ఊళ్లో ప్రతి ఇంటికీ పునాది తవ్వింది మీరేనట కదా. ఏ ఇంట్లో ఏముందో మీరు చెబితే నోటీసులిచ్చి తెప్పించుకుంటాం" అన్నాడు. కొంచెం ఆగి, "మీ మీద పడిన మాట కూడా తుడిచిపెట్టుకుపోతుంది" అన్నాడు.

బిక్షపతి వేలికి తిరుగుతున్న చెవి ఆగిపోయింది. మామ కేసి కాదు, నా కేసి చూశాడు. ఆ చూపు కోసం ఎండాకాలమంతా ఎదురుచూశాను. లంబాడోళ్ల మాట ఎవడింటడో ఇప్పుడు చూద్దామనుకున్నాను. మామ చెప్పబోయేది మొదటి నుంచి చివరిదాకా నాకు తెలుసు, బిక్షపతి బండ, గోలెం, అరుగు మెట్టు, కొట్టం.

"నాకు తెల్వదు సార్" అన్నాడు మామ.

నేను ఆయన ముఖంలోకి చూశాను. అబద్ధమాడే అలవాటు లేని మనిషి. గొంతు తడబడింది. సారుకు నమ్మకం కుదరలేదు. నా వైపు తిరిగాడు.

"మీరమ్మా? అందరి ఇళ్లకూ పనికి పోతారు కదా. మీ కంట పడలేదా?"

మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట చాలు. మామ నన్ను వద్దనలేదు, కండ్లతో సైగ కూడా చేయలేదు. తల వంచుకుని చేతిలో గింజలు చూసుకుంటూ నిలబడ్డాడు.

"తెల్వదు సార్. మాకేం తెలుస్తది" అన్నాను.

సారు సరేనమ్మా అని వెళ్లిపోయాడు. బిక్షపతి అక్కడే నేల చూస్తూ ఉండిపోయాడు. మేం చెలకలోకి నడిచాం. కొంత దూరం పోయాక నేనిక ఆగలేకపోయాను.

"ఎందుకట్ల చేసినవ్ మామా? నీ పేరు కడుక్కునే మోకా ఇదొక్కటే ఉండె. నిన్ను ఠాణాల కూసోబెట్టింది ఎవరో యాది లేదా? నా ఇల్లు పాయె. నీ ఇజ్జత్ పాయె. వాళ్లకేం పోయిందని ఊకున్నవ్?"

మామ నడక ఆపలేదు.

"బిక్షపతి మనుమరాలు మన ప్రియ బడిలనే సదువుతది బిడ్డా" అన్నాడు. "రేపు బడి తెరుస్తున్నరు."

నేను ఉన్నచోటే ఆగిపోయాను. బిక్షపతి మీద నా కోపం ఆ రోజు పోలేదు, ఇప్పటికీ పోలేదు. కానీ గింజల సంచి పొట్టకు అదుముకుని ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు. మామ వెనక్కి చూడలేదు. సాలు మొదట్లో నిలబడి, వాన మళ్లీ వచ్చేటట్టుంది, గింజ పెట్టు బిడ్డా అన్నాడు.